దొరల దివాణములో ఒక వాటా

ఇంగ్లండు దేశపు స్థిరాస్తి విక్రయ ప్రకటనలను చదువుట ఒక విధమైన కావ్యపఠనము. అందును పురాతన గ్రామీణ సౌధములను వాటాలు చేసి అమ్మువారి ప్రకటనలలోని వర్ణనాపాటవము మన ప్రబంధకవులకు తీసిపోదు. ఎత్తైన కప్పులు, నేలనంటి లేచిన కిటికీలు, కిటికీల ఆవల పచ్చికబయళ్లు, బయళ్ల చివర శతాబ్దముల నాటి వృక్షములు, వృక్షముల వెనుక నది. అన్నిటికిని చివర, చిన్న అక్షరములలో, ‘చారిత్రక ప్రాముఖ్యము గల భవనము’ అను ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కకే కొనువాడు అదనపు రొక్కము చెల్లించుచున్నాడు. అయినను ఆ చరిత్ర యేమిటో, ఎవరిదో, ఏ సొమ్ముతో ఆ గోడలు నిలిచినవో ప్రకటన చెప్పదు, చెప్పవలసిన పనియు దానికి లేదు. లండనుకు పడమట, బర్క్‌షైర్ మండలములో, రెడింగ్ పట్టణమునకు దక్షిణముగా కొన్ని మైళ్ల దూరమున నున్న స్వాలోఫీల్డ్ పార్కు విషయములో ఆ పని మనమే చేసికొనవలసి యున్నది. ఏలయన, ఆ మేడ చరిత్రలో ఒక పాయ కృష్ణాతీరమునుండియు, మరియొక పాయ మూసీతీరమునుండియు బయలుదేరి అచ్చట కలిసినవి.

స్వాలోఫీల్డ్ పార్కు నేడు ఏ ఒక్క ప్రభువుకును నివాసము కాదు. గారపూతతో నునుపు తేర్చిన దాని దీర్ఘమైన ముఖభాగము వెనుక, పూర్వము విందుశాలలుగను, అతిథుల శయనాగారములుగను, పరిచారికల ఇరుకుగదులుగను ఉండిన భాగములన్నియు ఇప్పుడు వేర్వేరు వాటాలై, వేర్వేరు తాళపుచెవులతో, వేర్వేరు కుటుంబముల వశమున నున్నవి. అప్పుడప్పుడు వానిలో ఒకటి అమ్మకమునకు వచ్చుచుండును. కొనువానికి దక్కునది కొన్ని గదులే యైనను, కిటికీ తెరచినంతనే అతని కంటబడునది ఒక సంస్థానాధీశునకు తగిన తోట. లాడన్, బ్లాక్‌వాటర్ అను చిన్న నదులు రెండు ఆ సీమలోనే సంగమించును. మేడకు చేరువను ఎత్తైన ఇటుక ప్రాకారము గల పాతతోట యొకటి కలదు. దానికి ద్వారమై నిలిచిన శిల్పసమన్వితమైన తోరణము మొదట తోటకొరకు చెక్కినది కాదు, అది మేడకే సింహద్వారము. పందొమ్మిదవ శతాబ్దిలో మేడకు కొత్తముఖము పెట్టినప్పుడు, పాతదానిని పారవేయుటకు మనసొప్పక కాబోలు, దీనిని ఇచ్చటికి తరలించిరి. కాయగూరల మడులకు రాజద్వారము దొరకుట అన్ని తోటలకును పట్టు భాగ్యము కాదు.

పదునేడవ శతాబ్దిలో ఈ భూమి బ్యాక్‌హౌస్ వంశీయులది. వారిలో విలియం బ్యాక్‌హౌస్ రసవాది. లోహములను బంగారము చేయు విద్యయందు ఆయుష్షును వెచ్చించి, ఎలియాస్ అష్మోల్ అను పండితుని మానసపుత్రునిగా స్వీకరించి తన రహస్యములను అతనికి ఉపదేశించెనని ప్రసిద్ధి. ఆ విద్య ఫలించిన జాడ లేదు గాని, ఆయన కుమార్తె ఫ్లవర్ మూలమున ఆస్తి రెండవ క్లారెండన్ ప్రభువైన హెన్రీ హైడ్ చేతికి వచ్చెను. 1685లో ఇచ్చటికి వచ్చిన దినచర్యాకారుడు జాన్ ఎవిలిన్ తోటలను ఎంతయు మెచ్చి వ్రాసికొనెను. 1689లో విలియం టాల్మన్ అను స్థపతి పాతకట్టడపు తావున కొత్తమేడను ఆరంభించెను. చాట్స్‌వర్త్ సౌధమునకు దక్షిణముఖమును తీర్చినవాడును ఇతడే. ఇంతవరకు నడచిన కథ వారిది. ఇక మీదట మనకును అందులో పాలు కలదు.

క్లారెండన్ పిమ్మట ఈ మేడకు యజమాని యైనవాడు థామస్ పిట్. ఈతడు మొదట ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకయే తూర్పుసముద్రములలో వర్తకము సాగించి కంపెనీకి కంటిలో నలుసై, ఎంత అణచినను అణగకుండుటచే, తుదకు ఆ కంపెనీచేతనే మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా నియమింపబడినవాడు. 1698 మొదలు 1709 వరకు ఆ పదవిలో నుండెను. ఆ కాలమున కృష్ణాతీరపు గనులలో, కొల్లూరని కొందరు, పరిటాల యని కొందరు చెప్పుదురు, 410 క్యారెట్ల వజ్రమొకటి బయటపడెను. కొల్లూరును పదునేడవ శతాబ్దిలో చూచిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, అచ్చట పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి అరువది వేలమంది పనిచేయుచుండిరని వ్రాసియున్నాడు. పురుషులు గుంటలు త్రవ్వగా, ఆడువారును పిల్లలును ఆ మన్ను మోయుచుండిరట. ఆ గుంటలు నేడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నవి.

ఆ రాయి గనినుండి మద్రాసుకు ఎట్లు చేరెనను విషయమై ఒక భయంకరమైన కథ వాడుకలో నున్నది. దానిని త్రవ్వితీసిన బానిస తన పిక్కను తానే కోసికొని, ఆ గాయమునందు రాతిని దాచి, కట్టు కట్టుకొని తీరమునకు పారిపోగా, ఓడ యెక్కించెదనని మాట యిచ్చిన ఆంగ్ల నావికుడు వానిని సముద్రములోనికి త్రోసి రాయి కాజేసెనని ఆ కథ. దానికి నిలువదగిన సాక్ష్యము లేదు. సాక్ష్యము గల సంగతి యిది: జామ్‌చంద్ అను వజ్రవర్తకుడు రాతిని తెచ్చి చూపగా, పిట్ చాలదినములు బేరమాడి, 48,000 వరహాలకు దానిని కొనెను. కొన్ననాటినుండి ఆయనకు నిద్ర కరవాయెను. కొడుకుచేత రాతిని ఇంగ్లండుకు పంపెను. అచ్చట సానబట్టించుటకు సంవత్సరములు పట్టెను. సానలో మూడింట రెండువంతుల బరువు రాలిపోయి 140 క్యారెట్ల పైచిలుకు మిగిలెను. ఇంతలో ఆయన దానిని దొంగిలించెననియు, బలవంతముగా లాగుకొనెననియు లోకము గుసగుసలాడసాగెను. తిరుగు ప్రయాణములో, 1710లో, నార్వే దేశపు బెర్గెన్ రేవున నిలిచియున్నపుడు, తాను న్యాయముగానే కొంటినని ప్రమాణపూర్వకముగా వాఙ్మూలము వ్రాసియుంచవలసిన గతి ఆయనకు పట్టెను. కవి అలెగ్జాండర్ పోప్ తన పద్యములలో ఈ అపవాదును కొంటెగా స్పృశించినాడు. పద్యమున కెక్కిన అపవాదు వాఙ్మూలములకు చెరగునా?

1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఓర్లియన్స్ ప్రభువు ఆ వజ్రమును 135,000 పౌనులకు కొనెను. అప్పటినుండి దానికి రీజెంట్ వజ్రమని పేరు. అది పదునైదవ లూయీ కిరీటమున వెలిగి, నెపోలియన్ కత్తిపిడిలో పొదగబడి, నేడు పారిస్ లూవ్ర్ మ్యూజియమున నున్నది. 2025 అక్టోబరులో పట్టపగలు ఆ మందిరమునుండి రాజాభరణములను దోచుకొనిపోయిన దొంగలు సైతము దీనిని ముట్టక విడిచిరి. ఆ సొమ్ముతో పిట్ భూములపై భూములు కొనెను. కార్న్‌వాల్ ప్రాంతమున బొకొనాక్ అను గొప్ప ఆస్తిని కొనెను, స్వాలోఫీల్డును కొనెను, 1726లో స్వాలోఫీల్డు మేడలోనే కన్నుమూసెను. అతని మనుమడు విలియం పిట్ బ్రిటనుకు ప్రధాని యయ్యెను, మునిమనుమడును అయ్యెను. పల్నాటి మన్ను మోసినవారి కూలి యెంతో ఏ చిట్టాలోను దొరకదు.

పిట్ వంశీయులు దీనిని అమ్ముకొనిన పిదప కొన్ని చేతులు మారి, 1820లో స్వాలోఫీల్డు రస్సెల్ కుటుంబమునకు వచ్చెను. కొన్నవాడు కలకత్తా సుప్రీముకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి విశ్రమించిన సర్ హెన్రీ రస్సెల్. అతని కుమారుని పేరును హెన్రీయే. ఆ కుమారుడు 1811 మొదలు 1820 వరకు నిజాము దర్బారున బ్రిటిషు రెసిడెంటు. తండ్రి మేడ కొన్న సంవత్సరమును, కొడుకు హైదరాబాదు విడిచిన సంవత్సరమును ఒకటే యగుట గమనింపదగినది. ఆ కొడుకు పేర హైదరాబాదులో రస్సెల్ బ్రిగేడను సైన్యము నిలిచెను. దాని జీతభత్యములు నిజాము ఖజానా మోయవలెను. ఖజానాకు శక్తి చాలనపుడు పామర్ అండ్ కంపెనీ యను వడ్డీవర్తకుల కోఠీ అధికవడ్డీకి అప్పిచ్చుచుండెను. ఆ కంపెనీతో రెసిడెంటుకు లోపాయికారీ సంబంధము కలదని ఆనాడే ఆరోపణ పుట్టెను. 1820లో అరువది లక్షల రూపాయల అప్పునకు ఏర్పాటు జరిగెను. రస్సెల్ తరువాత వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఆ లెక్కలు తిరుగవేసి గగ్గోలు పుట్టించెను గాని, అప్పటికి రస్సెల్ రాజీనామా ఇచ్చి ఓడ యెక్కియుండెను. ఫలానా రూపాయి ఫలానా గోడలోనికి పోయెనని ఎవ్వరును నిరూపింపలేరు. అయినను హైదరాబాదునుండి వచ్చిన కొడుకు సంపద తోడులేక, ఒక న్యాయమూర్తి పింఛనుతోనే విలియం అట్కిన్సన్ వంటి స్థపతిని పిలిపించి, మేడనంతయు గారతో కప్పి కొత్తరూపు తెప్పించుట సాధ్యమయ్యెనని నమ్ముటకు చాల ఔదార్యము కావలెను. ఈ అట్కిన్సనే నవలాకారుడు వాల్టర్ స్కాట్ తన అబ్బట్స్‌ఫర్డ్ గృహము కట్టించుకొన్నపుడు తోడ్పడినవాడు.

ధనమునకంటె బరువైన వస్తువొకటి రస్సెల్ హైదరాబాదు జీవితమునుండి ఈ మేడకు చేరినది. కోఠీలో నేటికిని చూపరులను ఆకర్షించు రెసిడెన్సీ భవనమును కట్టించిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, నిజాము కొలువులోని ఉన్నత కుటుంబపు కన్య ఖైరున్నీసాను వివాహమాడిన వృత్తాంతము తెలుగువారికి కొత్తది కాదు. వారికి ఇద్దరు బిడ్డలు, నాలుగేండ్ల సాహిబ్ ఆలం, మూడేండ్ల నూరున్నీసా. 1805లో ఇంగ్లండుకు చదువులకై పంపివేయుటకు ముందు, మద్రాసులో జార్జి చినరీ అను చిత్రకారునిచేత ఆ పసివారి చిత్తరువు వ్రాయించిరి. పట్టుబట్టలతో, దర్బారు ముస్తాబుతో మెట్లమీద ప్రక్కప్రక్కగా నిలిచిన ఆ బిడ్డలలో అన్న ధీరముగా చూచుచుండగా, చెల్లెలి చూపు నేలకు వాలియుండును. బిడ్డల ఓడ కదలిన కొలది వారములకే తండ్రి కలకత్తాలో మరణించెను. బిడ్డల ఎడబాటును, వైధవ్యమును ఒకమారే మీదబడిన ఆ యువతికి ఆశ్రయమైనవాడు భర్తవద్ద సహాయకుడుగా నుండిన యువకుడు, హెన్రీ రస్సెల్. ఆశ్రయము అనురాగమాయెను, అపవాదు లేచెను, ఆమెకు హైదరాబాదు ప్రవేశము నిషేధింపబడెను, మచిలీపట్నములో, ఆ ఉప్పుగాలిలో, ఆమె అతని జాబులకై ఎదురుచూచుచుండ, అతడు 1808లో మద్రాసులో మరియొక స్త్రీని పెండ్లియాడెను. 1813లో, ముప్పదియేండ్లు నిండకమునుపే, ఆమె తుదకు తిరిగిరాగలిగిన హైదరాబాదులో గతించెను. అప్పటి రెసిడెంటు ఈ రస్సెలే. అతని జాబులు ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ గ్రంథమునకు అవి ముఖ్యాధారములు.

చినరీ చిత్తరువు మాత్రము తల్లివద్దనుండి రస్సెల్ చేతికి వచ్చి, అతనితోగూడ సముద్రము దాటి, స్వాలోఫీల్డు గోడ నలంకరించెను. ఇచ్చట ఇంగ్లండులో నూరున్నీసా కిట్టీ కర్క్‌పాట్రిక్ యను పేరుతో పెరిగి, థామస్ కార్లైల్ అంతటి రచయితకు యౌవనకాలపు మోహమై, 1829లో ఒక సైనికాధికారిని వివాహమాడి గృహిణి యయ్యెను. ఆమె ఒకమారు స్నేహితులతోగూడి స్వాలోఫీల్డు మేడ చూడబోయెను. గోడమీద తల యెత్తి చూచునప్పటికి, అచ్చట తానే, మూడేండ్లదై, నేలచూపుతో నిలిచియుండెను. ఆమె అచ్చటనే నిలువునా కరగి యేడ్చెను. రస్సెల్ మరణానంతరము ఆ చిత్రము ఆమెకు దక్కెను. నేడు అది హాంకాంగులో ఒక బ్యాంకువారి సేకరణలో నున్నది. ఏ గోడకు ఆనాడా చిత్రము వ్రేలాడెనో, ఆ గోడ నేడు ఎవరి వాటాలోనికి వచ్చెనో, అమ్మకపు పటములో గుర్తింపబడి యుండదు.

ఇట్టి మేడలు వాటాలు కావలసిన అవసరమెట్లు వచ్చెను? 1894లో ఇంగ్లండు ప్రభుత్వము మరణానంతర ఆస్తిపన్నును ప్రవేశపెట్టెను. 1949 నాటికి అత్యధిక సంపదలపై అది నూటికి ఎనుబది వంతుల వరకు పెరిగెను. రెండు ప్రపంచయుద్ధములలో వారసులు చచ్చిరి, పనివారు పట్టణములకు పోయిరి, సైన్యము మేడలలో విడిసి నేలలు పాడుచేసెను. వేలమంది శ్రమించి నిలిపిన కట్టడములను పగులగొట్టి రాళ్లు, సీసపు రేకులు అమ్ముకొనుట లాభసాటి యయ్యెను. 1974లో లండను విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియములో ఆ విధ్వంసమునుగూర్చి ఒక ప్రదర్శన జరిగెను: కూలుచున్న స్తంభములవలె తీర్చిన మండపములో నేలమట్టమైన మేడల ఛాయాచిత్రములను నిలిపి, వాటి పేర్లను ఒక్కొక్కటిగా చదువు కంఠస్వరమును వినిపించుచుండిరి. చూచువారిలో కన్నీరు పెట్టినవారు కలరట. నాకు ఆ కన్నీటియందు పాక్షికమైన సానుభూతియే కలదు. మేడ పోయినదని ఏడ్చినవారిలో, అది యెట్లు వచ్చినదని అడిగినవా రెందరు?

రస్సెల్ వంశము స్వాలోఫీల్డును 1960ల నడుమవరకు నిలుపుకొనెను. పిమ్మట అది ఒక పరస్పర గృహవసతి సంఘము పాలబడెను. 1955లో ఏర్పడిన ఆ సంఘపు పద్ధతి సరళమైనది, ముచ్చటయైనది: విశ్రాంతజీవులు కొంత మొత్తము సంఘమునకు అప్పుగా ఇచ్చి, నెలకింతయని చెల్లించుచు, ప్రభువుల మేడలలో తలకొక గది పుచ్చుకొని, కలిసి భోజనము చేయుచు, శేషజీవితము గడపుదురు; వారి సొమ్ముతో మేడ మరమ్మతులు జరుగును. కాని మరమ్మతులు పెరిగినంతగా నివాసులు పెరుగలేదు. 2003లో సంఘము అప్పులపాలై కుప్పకూలెను. వృద్ధులు మూటాముల్లె సర్దుకొనవలసి వచ్చెను. మేడలు నిర్మాణసంస్థల చేతికి పోయి విలాసవంతములైన వాటాలుగా మారెను. స్వాలోఫీల్డు గతియు ఇదియే.

వాటాలు చేయుటయందును నేర్పు, నేర్పులేమి కలవు. నేర్పులేనివాడు విశాలమైన సభాగృహమునకు అడ్డుగోడ పెట్టి, కప్పు అంచున సున్నముతో పూలు చెక్కిన పట్టీని నడుమకు త్రుంచి, సగము పువ్వు పడకగదిలోను సగము స్నానపుగదిలోను ఉండునట్లు చేయును. నార్ఫోక్‌లోని గంటన్ వంటి శిథిలసౌధములను కొని ఉద్ధరించిన కిట్ మార్టిన్ పద్ధతి దీనికి విరుద్ధము: మేడను అంతస్తులుగా అడ్డముగా కోయడు; పునాదినుండి కప్పువరకు నిలువుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు తనదైన వీధివాకిలి, తనదైన మెట్లు ఉండునట్లు చూచి, ప్రధానమైన గదులను ముక్కలు కానీయడు. కనుక కొనదలచినవాడు మొదట వంటయింటి చలువరాతిని కాక, తల యెత్తి కప్పు అంచును చూడవలెను. ఆ పట్టీ నాలుగు గోడల చుట్టును తెగక తిరిగివచ్చినదా, అది యోగ్యమైన వాటా. తెగినదా, మనము కొనుచున్నది గది కాదు, గదిలో ఒక తునక. అటకపై వాటాలకు ధర తక్కువ. ఒకప్పుడు దాసీజనము పండుకొనిన తావులవి, కిటికీలు మోకాలెత్తు, కప్పు ఏటవాలు. కాని తోట దృశ్యము దొరసానికి దక్కినదానికంటె వారికే మిన్నగా దక్కియుండును.

అంతకంటె ముఖ్యము, కాగితముల సంగతి. ఇంగ్లండులో ఇట్టి వాటా కొన్నవాడు సాధారణముగా నేలకు యజమాని కాడు. దీర్ఘకాలపు లీజుదారుడు మాత్రమే. లీజు గడువు 80 సంవత్సరములకు దిగజారినచో బ్యాంకులు అప్పిచ్చుటకు వెనుదీయును. 2022 జూను 30 మొదలు వ్రాసిన కొత్త లీజులపై నేల అద్దె వసూలు చేయరాదని చట్టము వచ్చినది గాని, నిర్వహణ రుసుము మాత్రము ఎవ్వరికిని తప్పదు. హైదరాబాదు అపార్టుమెంటులో లిఫ్టుకు, కాపలాదారుకు ఇచ్చు మెయింటెనెన్సును తలచుకొని ఈ లెక్కకు దిగరాదు. ఇచ్చట ఎకరములకొలది గడ్డి కోయవలెను, సరస్సు పూడిక తీయవలెను, కప్పుమీది సీసపు రేకు చిరిగినచో ప్రత్యేకముగా ఆ పని నేర్చినవారిని పిలువవలెను. ఆ ఖర్చంతయు వాటాదారులందరిమీదను పడును. క్రింది అంతస్తువాడు కప్పు మొగమెన్నడును చూడకపోయినను తన పాలు చెల్లింపవలసినదే.

మన దేశమున పెద్దయిండ్ల పంపకము మరియొక తీరున నడచుచున్నది. అన్నదమ్ములు కోర్టులకెక్కి, నట్టింట గోడ పెట్టి, చెక్కిన టేకు ద్వారబంధములను పాతసామానుల అంగళ్లకు అమ్ముకొని, తుదకు వానపాలు చేసిన దివాణములు కోస్తాలోను, గడీలు తెలంగాణమునను కోకొల్లలు. హైదరాబాదు ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టదలచిన నిర్ణయమును 2019లో హైకోర్టు కొట్టివేయవలసి వచ్చెను. వీటి నడుమ కోఠీ రెసిడెన్సీ అదృష్టము వేరు: 1949లో అందులోనికి మహిళా కళాశాల వచ్చెను, కర్క్‌పాట్రిక్ కట్టించిన దర్బారు హాలు మెట్లమీద తరములకొలది ఆడుపిల్లలు పుస్తకములు చేతబట్టి నడచిరి, నేడు అది చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయము. రెసిడెంటు పనిచేసిన మేడలో చదువు ప్రవేశించినది. రెసిడెంటు విశ్రమించిన మేడను డబ్బున్నవారు పంచుకొనిరి. ఈ రెండింటిలో నాకు మొదటిదే ఇష్టము. కాని ప్రతి మేడకును కళాశాల దొరకదు గనుక, శిథిలమై పోవుటకంటె వాటాలగుట వేయిరెట్లు మేలనియు ఒప్పుకొందును.

రెడింగ్ చుట్టుపట్ల సాఫ్ట్‌వేరు కొలువులలో నున్న తెలుగు కుటుంబములు తక్కువ కాదు. వారిలో ఎవరైనను ఒకనాడు స్వాలోఫీల్డులో వాటా కొన్నచో వింతపడ నవసరము లేదు; కృష్ణాతీరపు సొమ్ము ఒకప్పుడు చేరిన చోటికి, కృష్ణాతీరపు మనిషి తన కష్టార్జితముతో ఇప్పుడు చేరినట్లగును. అయితే వారొక సంగతి ఎరుగవలెను. ఇది విశిష్ట కట్టడముల జాబితాలో రెండవ శ్రేణి నక్షత్రపు గుర్తు పొందిన భవనము. కిటికీలు చలికి కిర్రుమన్నను వాటిని తీసి జంట అద్దములవి బిగించుటకు స్వతంత్రము లేదు. ముంగిట తులసికోట నిలుపవలెనన్నను నిర్వహణ సంఘమును అడుగవలెను. పోపు ఘాటు బయటికి పోవుటకు గోడకు కన్నము వేయవలెనన్న స్థానిక ప్రణాళికాధికారుల లిఖితపూర్వకమైన అనుమతి కావలెను. అనుమతి లేక చేసిన మార్పు అచ్చట కేవలము పొరపాటు కాదు, నేరము. 1990 నాటి చట్టము ప్రకారము రెండు సంవత్సరముల వరకు చెరసాల పడవచ్చును. కనుక బయానా ఇచ్చుటకు ముందే, వంటయింటి పొగగొట్టము ఎచ్చటికి పోవుచున్నదో, దానికి అనుమతి పత్రమున్నదో లేదో, ఒక మంచి న్యాయవాదిచేత విచారించుకొనవలెను.